ఏట్రింత తోక చీలిన కథ

ఒకప్పుడు ఏట్రింత తోకకు చీలిక ఉండేది కాదు. విసనకర్రలా గుండ్రంగా, నిండుగా ఉండేది. ఆ రోజుల్లోనే, ఒక వైశాఖ శుద్ధ ఏకాదశి నాడు, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, గువ్వ నాంచారికి అన్యాయం జరిగింది. ఆమె పొదుగుతున్న రెండు గుడ్లూ పోయాయి.

ఏట్రింత తెలుసుగా? గేదె వీపు మీద దొరలా కూర్చుని ఊరేగుతుందే, నల్లగా నిగనిగలాడే పిట్ట, అదే. కొన్ని ఊళ్ళలో పసులపోలిగాడంటారు.

నాంచారి గూడు చేల మధ్య నల్లతుమ్మ చెట్టు మీద ఉండేది. గూడంటే ఏదో అనుకునేరు. పది పుల్లలు అడ్డదిడ్డంగా పడేసి, ఇల్లు కట్టానంటుంది గువ్వ. కింద నిలబడి తలెత్తితే గుడ్లు కనిపిస్తాయి. అయినా ఎవరి ఇల్లు వాళ్ళకు ముద్దు.

ఆ చెట్టు మీద ఒక కట్టుబాటు ఉంది. డేగ కూత వినపడితే చాలు, గూళ్ళ మీద ఉన్నవాళ్ళంతా దిగిపోవాలి. కింద రేగు కంపల్లో దూరి, ఇరవై రెప్పపాట్లు కదలకుండా ఉండాలి. ఎందుకంటే డేగ చూసేది గుడ్డును కాదు, గుడ్డు మీద కూర్చున్న తల్లిని. తల్లి లేకపోతే డేగ కంటికి గూడు ఆనదు. ముత్తవ్వల నాటి నుంచీ ఇదే పద్ధతి. ఎవరూ తప్పేవాళ్ళు కాదు.

ఆ మధ్యాహ్నం డేగ కూత వినపడింది. నాంచారి దిగింది. పక్క కొమ్మ మీది పిగిలిపిట్ట మాణిక్యం కూడా దిగింది. ఇరవై రెప్పపాట్లు లెక్కపెట్టుకుని పైకి వెళ్ళేసరికి పుల్లలు ఉన్నాయి, గుడ్లు లేవు.

నాంచారి ఏడవలేదు. మెడ పక్కకు తిప్పి ఆలోచించింది. డేగ వస్తే దాని నీడ ముందు నేల మీద పాకుతుంది. ఇవాళ నీడ పడలేదు. నీడ లేని డేగ ఎక్కడి నుంచి వచ్చింది?

చిటారు కొమ్మ మీద నవ్వు వినపడింది. ఏట్రింత సింగడు. తోక విప్పి అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పుతున్నాడు.

"ఎలా ఉంది నా కూత?" అన్నాడు. "నిజం డేగే అనుకున్నారు కదూ? మాణిక్యం వదిన పరుగు చూడాలి, కొంగు జారిన పెళ్ళిపెద్దలా."

వాడి బతుకంతా అదే. కోయిలలా కూస్తాడు, గోరింకలా తిడతాడు, పిల్లిలా అరుస్తాడు. అందరూ తలెత్తి చూడాలి. చూస్తే తోక విప్పుతాడు. చూడకపోతే ముద్ద మింగుడుపడదు. తెల్లారి లేస్తే వాడికి ఆకలి ముందు వెయ్యదు, ఎవరు చూస్తున్నారా అన్న ఆరాటం పుడుతుంది.

"దిగిరా కిందికి," అంది నాంచారి.

సాయంత్రానికి చెట్టంతా పోగైంది. నాంచారి మధ్యలో నిలబడి అడిగింది. "ఆ కూత నీ అంతట నువ్వు కూశావా, ఎవరన్నా కుయ్యమన్నారా?"

"కాకి మామ అడిగాడు," అన్నాడు సింగడు. "నీ డేగ కూత వినాలని మనసు పడ్డాను అల్లుడూ, సరిగ్గా మధ్యాహ్నం కుయ్యి, అప్పుడైతే అందరూ వింటారు అన్నాడు. అంత ప్రేమగా అడిగితే..."

వాడి మాట అక్కడ ఆగిపోయింది. తన నోటి నుంచి వచ్చింది తన చెవికే కొత్తగా వినపడింది కాబోలు.

కాకి మామ ఒద్దికగా రెక్కలు ముడుచుకుని కూర్చున్నాడు. "నేనా? శివశివా. ఆ వేళ నేను ఊరి బయట పిండం తింటున్నాను తల్లీ. పాపం ఎవరో పెద్దాయన పదోరోజు."

"పిండంలో పచ్చసొన ఎప్పటి నుంచి పెడుతున్నారు మామా?" అంది నాంచారి. "నీ ముక్కుకు అంటుకుంది, తుడుచుకో."

కాకి ముక్కు కొమ్మకు రాసుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు ఎగిరిపోయాడు.

"అత్తా, నాకు తెలియదు," అన్నాడు సింగడు. "ఒట్టు. నేను కూత మటుకే కూశాను."

"కూసింది నువ్వు, తిన్నది వాడు. వాటా ఎంత ఇచ్చాడు?"

"వాటా లేదత్తా. బాగుంది అన్నాడు, అంతే."

"ఆ ఒక్క మాటకు నా బిడ్డల్ని ఇచ్చేశావు," అంది నాంచారి.

నాంచారి మాట మీద చెట్టు వాడికి శిక్ష వేసింది. తరిమికొట్టలేదు, పొడవలేదు. ఇక మీదట సింగడు ఆడినా పాడినా ఎవరూ తలెత్తి చూడకూడదు. అంతే.

వాడు నాలుగు రోజులు కోయిలలా కూశాడు. అయిదో రోజు తోక విప్పి ప్రతి కొమ్మ మీదా ఆడాడు. గోరింకలు ఈకలు సర్దుకుంటూ కూర్చున్నాయి. మాణిక్యం వాడికి వీపు చూపించింది. ఆఖరికి చేలోకి పోయి గేదె ముందు ఆడాడు. గేదె నెమరేస్తూ కళ్ళు మూసుకుంది.

నాంచారి ఇదంతా ఓరకంట చూస్తూనే ఉంది. చూడకూడదని తీర్పు చెప్పింది తనే. కానీ కన్నేసి ఉంచడం వేరు, చూడడం వేరు.

"నాయనా," అంది గేదె కళ్ళు తెరవకుండానే, "నీ ఆట తర్వాత. నా మూపు మీద జోరీగ పొడుస్తోంది, తోక అందట్లేదు. కాస్త తీసిపెడతావా?"

సింగడు ఎగిరి జోరీగను పట్టాడు. గేదె ఒళ్ళంతా వదులు చేసి "అమ్మయ్య" అంది. వాడు అక్కడే ఆ వీపు మీద చాలాసేపు నిలబడిపోయాడు. తోక విప్పలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు.

"గేదెతో వీడికేం మంతనాలు?" అంది నాంచారి.

"ఏదో కొత్త ఎత్తు వేస్తున్నాడు వదినా," అంది మాణిక్యం. "జాగ్రత్త."

జ్యేష్ఠం వచ్చింది. నాంచారి మళ్ళీ రెండు గుడ్లు పెట్టింది. వానలకు ముందు ఇదే ఆఖరు. ఇవి కూడా పోతే ఆ ఏటికి ఆమెకు పిల్లలు లేనట్టే. పదిపుల్లల గూడు వాన దెబ్బకు ఆగదు, కొత్త గుడ్లు పెట్టే వేళా ఉండదు. మాణిక్యం కూడా మూడు గుడ్లు పెట్టింది.

గుడ్లు పెట్టిన మూడో నాడు సింగడు చిటారు కొమ్మ వదిలి, సరిగ్గా నాంచారి గూటి పై కొమ్మకు దిగాడు.

"ఇక్కడికెందుకు వచ్చావు?" అంది నాంచారి.

"ఊరికే, అత్తా."

"ఊరికే ఎవడూ ఏమీ చెయ్యడు. పైన కొమ్మ విరిగిందా?"

"విరగలేదు."

"మరి?"

"ఇక్కడి నుంచి నాలుగు వైపులూ కనపడుతుంది," అన్నాడు వాడు.

నాంచారికి కునుకు పట్టలేదు. నాలుగు వైపులూ ఎందుకు కనపడాలి వీడికి? కాకి వస్తే సైగ చెయ్యడానికా? గుడ్లు ఎన్ని ఉన్నాయో ఆరా తియ్యడానికా? చెడ్డ నోరు మూతపడితే బాగుపడ్డట్టని నమ్మే రకం కాదు నాంచారి. మూసిన నోట్లో ఏముందో చూడాలంటుంది.

వారం చూసి, ఇక తేల్చుకోవాలనుకుంది. రోజూ మధ్యాహ్నం ఆమె వాగు చెలమకు వెళ్ళి నాలుగు గుక్కలు తాగి వస్తుంది. అది అందరికీ తెలుసు. ఆ రోజు కూడా "నీళ్ళకు పోతున్నా" అని గట్టిగా చెప్పి ఎగిరింది. వాగు దాకా పోలేదు. చుట్టు తిరిగి వచ్చి రేగు కంపలో దూరింది. ముళ్ళు వీపుకు గుచ్చుకుంటున్నా మెడ సాచి చూస్తూ కూర్చుంది. వాడు డేగ కూత నోట్లో పెట్టుకోవడమే ఆలస్యం, కళ్ళు పొడిచి రావాలని సిద్ధంగా ఉంది.

అనుకున్నట్టే కాకి వచ్చాడు.

"అల్లుడూ, ఎంత చిక్కిపోయావురా," అన్నాడు. "నీలాంటి కళాకారుణ్ణి వీళ్ళు మూలన పడేశారట. కడుపు తరుక్కుపోయింది. ఒక పని చెయ్యి. నాంచారి నీళ్ళకు పోయింది. అదుగో, మాణిక్యం మాత్రం గూట్లోనే ఉంది. ఒక్క కూత కుయ్యి. అది దిగిపోతుంది. ఎల్లుండి మా కాకులందరినీ తీసుకొస్తాను. నూటయాభై మంది. నీ ఆట చూడ్డానికే వస్తారు."

సింగడి తోక కొద్దిగా విచ్చుకుంది. నాంచారి చూసింది. నూటయాభై మంది అనగానే విచ్చుకుంది ఆ తోక. ఆమె ఎగరడానికి కాళ్ళు బిగించింది.

తోక మళ్ళీ ముడుచుకుంది. సింగడు కూయలేదు, కేకెయ్యలేదు. రాయి పడ్డట్టు కాకి నడినెత్తి మీద పడ్డాడు.

కాకి వాడికి మూడింతలు. అయినా సింగడు వదల్లేదు. కళ్ళ మీద పొడిచాడు, వీపు మీద పొడిచాడు. కాకి వెనక్కి తిరిగి వాడి తోకను ముక్కుతో కరిచి పట్టుకున్నాడు. ఇద్దరూ గిరగిరా తిరిగారు. నడిమి ఈకలు మొదళ్ళతో సహా ఊడి వచ్చాయి. ఆ నొప్పికి కూడా వాడు నోరు విప్పలేదు. మాణిక్యం తన గూట్లో ఏమీ వినకుండా జోగుతూనే ఉంది. తాటితోపు దాటేదాకా కాకిని తరిమి, వాడు ఒక్కడే తిరిగొచ్చాడు.

చెట్టు మీద ఎవరూ చూడలేదు. చప్పట్లు లేవు.

వచ్చి, నాంచారి గూటి వైపు చూశాడు. తల్లి లేదు. ఎండ సూటిగా గుడ్ల మీద పడుతోంది. వాడు గూటి అంచున నిలబడి రెండు రెక్కలూ చాచాడు. గుడ్ల మీద నీడ పడింది. సూర్యుడు జరిగినప్పుడల్లా వాడూ జరిగాడు. నోరు తెరిచి వగరుస్తున్నాడు గాని రెక్క దించలేదు.

నాంచారి అంతా చూసింది. అయినా తొందరపడి నమ్మలేదు. రెక్కలు దులుపుకుని, నీళ్ళు తాగొచ్చిన దానిలా వచ్చింది. వాడు గబుక్కున పై కొమ్మకు ఎగిరాడు.

"ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలేదత్తా."

"నీ తోకకేమైంది?"

"తుమ్మ ముల్లు పట్టుకుంది."

నాంచారికి అసలు అనుమానం అప్పుడు మొదలైంది. ఈ సింగడు మొన్నటిదాకా మిడతను పడితే మూడూళ్ళకు చాటింపు వేసేవాడు. ఇంత చేసి దాచిపెడుతున్నాడే. ఇందులో మోసం ఎక్కడుంది? రెండు రోజులు వెతికింది. గేదెను అడిగింది. "వాడా? జోరీగలు తీస్తాడు. ఎందుకని నేనడగలేదు," అంది గేదె. మూడో రోజు ఇక పట్టలేకపోయింది.

"సింగా, ఆ రోజు నేను వాగుకు పోలేదు. రేగు కంపలో ఉన్నాను. అంతా చూశాను. అబద్ధం ఎందుకు చెప్పావు?"

వాడు తల వంచుకున్నాడు. "చెబితే అందరూ చూస్తారత్తా. చూస్తే నాకు ఆడాలనిపిస్తుంది. ఆడుతూ ఉంటే కాకి ఎటు నుంచి వచ్చేదీ కనపడదు."

"చూడకపోతే నీకు ముద్ద దిగదుగా."

"దిగుతోంది," అన్నాడు వాడు, తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు. "మొన్న గుడ్లకు నీడ పట్టినంతసేపూ నా తోక ఎలా ఉందో నాకు గుర్తే రాలేదు. గుడ్డు లోపల చిన్నగా ఏదో కదిలింది, చెవి పెట్టి విన్నాను. నా కూతల కన్నా బాగుంది."

నాంచారి మెడ ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి వాడి కళ్ళలోకి చూసింది. వెతికినా ఏమీ దొరకలేదు.

"నా మొదటి గుడ్లు తిరిగి రావు," అంది. "అది నేను మర్చిపోను. నువ్వూ మర్చిపోవద్దు. కానీ రేపటి నుంచి నీళ్ళకు నిజంగా వెళ్తాను."

వెళ్ళింది. నిదానంగా తాగి, తల కూడా తడుపుకుని వచ్చింది. నాంచారి చెప్పగా చెట్టు కట్టుబాటు కూడా మారింది. డేగ కూత వినపడితే ముందు సింగడి వైపు చూడాలి, వాడు కదిలితేనే దిగాలి అని రాసుకున్నంత గట్టిగా అనుకున్నారు. ఆ రకంగా అందరూ మళ్ళీ వాడి వైపు చూడసాగారు. వాడు మాత్రం ఆకాశం వైపు చూస్తున్నాడు.

జ్యేష్ఠం వెళ్ళకముందే సింగడికి పెళ్ళైంది. అదే చెట్టు మీద గిన్నెలాంటి గూడు కట్టుకున్నారు. పెళ్ళాం తోక నిండుగా గుండ్రంగా ఉండేది. పిల్లలు పుట్టి ఈకలు వచ్చాక చూస్తే, ముగ్గురి తోకలూ నడిమికి చీలి ఉన్నాయి. ఆమె బెంబేలెత్తి నాంచారి దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, వీళ్ళకిదేం జబ్బు?"

"జబ్బు కాదే పిచ్చిదానా," అంది నాంచారి. "మీ ఆయన నీకూ చెప్పలేదా? కూర్చో, నేను చెబుతా."

అప్పటినుంచే ఏట్రింత తోక కొసన రెండుగా చీలి ఉంటుంది. అప్పటినుంచే అది తనకన్నా మూడింతలున్న కాకినీ డేగనూ తరిమి తరిమి కొడుతుంది. గువ్వలూ పిగిలిపిట్టలూ ఏట్రింత గూడున్న చెట్టు ఎక్కడుందో వెతుక్కుని మరీ ఆ పక్కనే గూళ్ళు కట్టుకుంటాయి. ఆ ఏడు శ్రావణ శుద్ధ పంచమి నాటికి ఆ తుమ్మచెట్టు మీద నుంచి రెక్కలొచ్చి ఎగిరినవి గువ్వ పిల్లలు రెండు, పిగిలిపిట్ట పిల్లలు మూడు, ఏట్రింత పిల్లలు మూడు. మొత్తం ఎనిమిది.