మూడు రాజ్యాలు, ఒక్క మూర

అనగా అనగా, రెండు మహాసామ్రాజ్యాల నడుమ ఇరుక్కుపోయిన ఓ బుల్లి రాజ్యం. దాని రాజుకు ముగ్గురు కొడుకులు. రాజు పోతూ పోతూ రాజ్యాన్ని మూడు ముక్కలు చేశాడు. ఆనాటి నుంచి అన్నలిద్దరూ చిన్నవాడు మణికేతుడి గడప తొక్కలేదు.

పెద్దవాడి రాజ్యంలో బట్టను పెద్దవాడి చేతి మూరతోనే కొలవాలి. రెండోవాడి రాజ్యంలో రెండోవాడి మూరతో. మణికేతుడి రాజ్యంలో మణికేతుడి మూరతో. ఇక్కడ పది మూరల చీర పొలిమేర దాటితే తొమ్మిదే! బేరగాళ్లు విసిగిపోయి సామ్రాజ్యాల సంతలకు పోయారు. మగ్గాలు మూలపడ్డాయి. "నాకు లోబడండి, మీ బట్ట కొంటా" అన్నాడు తూర్పు చక్రవర్తి. పడమటి చక్రవర్తీ అదే మాట.

"అన్నయ్యా, ముగ్గురం ఒకే మూర పెట్టుకుందాం" అని మణికేతుడు బతిమాలాడు.

"అయితే మా మూరే పెట్టు" అన్నాడు పెద్దవాడు.

"మా మూరకేం తక్కువ?" అన్నాడు రెండోవాడు.

'మన' అనే మాటే రాదు వాళ్ల నోట! ధూమ్రకేశుడనే మాంత్రికుడు దాన్ని దొంగిలించాడు మరి. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఓ చిలకలో ఉంది. "ఆ చిలక 'మన' అంటే వాడు చస్తాడు" అని ఓ ముసలి తాబేలు చెప్పి, మణికేతుణ్ణి వీపు మీద మోసుకెళ్లి ఆ చిలక ఉన్న దీవిలో దింపి వెళ్లిపోయింది.

ఆ దీవిలో నరమానవుడు లేడు. పంజరంలో చిలక, బయట మణికేతుడు. 'మన' అనమని మొదట గద్దించాడు. తరవాత బతిమాలాడు.

"నీకెవరూ లేరుగా, ఎవరితో కలిపి అనమంటావు?" అంది చిలక.

పాపం, ఆ మాటకు మణికేతుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడాది గడిచింది. వచ్చిన పని కూడా మరిచిపోయాడు. ఓ రోజు ఒక్క జామపండు దొరికితే సగం కొరికి, సగం పంజరంలో పెట్టాడు.

చిలక తిని, "మన పండు తియ్యగా ఉందోయ్!" అంది.

అక్కడ మాంత్రికుడు గుడ్లు తేలేశాడు. ఇక్కడ పంజరం తెరుచుకుని చిలక ఎగిరిపోయింది. మణికేతుడు మళ్లీ ఒంటరివాడయ్యాడు. తాబేలు వచ్చేదాకా ఒడ్డునే కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి అన్నలు గుమ్మంలో ఉన్నారు. "తమ్ముడూ, మన మూర ఎంత పెడదాం?" అన్నారు. ముగ్గురి మూరలూ కలిపి ఒకే దారంతో కొలిచి, దాన్ని మూడు మడతలు పెట్టి, ఆ పొడవున ఇనుప కడ్డీ చేయించారు. మగ్గాలు మోగాయి. చక్రవర్తులిద్దరూ ఆ మూర లెక్కనే బట్ట కొనుక్కున్నారు.

మణికేతుడు ఓ నేతగాని కూతురు కనకాంగిని పెళ్లాడి, నలభై ఏళ్లు ఏలాడు. కానీ చివరిదాకా, పక్కన ఎవరో ఒకరు విస్తరి ముందు కూర్చుంటే తప్ప అతనికి ముద్ద దిగేది కాదు.