బెట్టుడత నేలమీదికి ఎందుకు దిగదు

ఒకప్పుడు, కొండమీది అడవి ఇంకా ఎవరి సొంతమూ కాని రోజుల్లో, బెట్టుడత నేలమీదే కాపురం ఉండేది. అప్పుడూ పిల్లి అంత పెద్దదే, కానీ ఒళ్లంతా వట్టి మట్టిరంగు. మద్దిచెట్టు మొదట్లో ఉన్న తొర్ర దాని ఇల్లు.

ఆ చెట్టు పక్కనే పొలిమేర రాయి. రాయికి అవతల దుప్పులూ కణుజులూ పిల్లల్ని కంటాయి. అక్కడ వేటాడకూడదని కొండవాళ్ల కట్టుబాటు. రాయి దాటాలంటే వింటికి కట్టిన తాడు విప్పి మద్దికొమ్మకి తగిలించాల్సిందే. తాడు లేని విల్లు వట్టి కర్రే కదా!

తాడు విప్పారో లేదో చూసే పని బెట్టుడతది.

"చూసుకున్నావుటే ఉడతా?" అని తాడు విప్పి కొమ్మకి తగిలిస్తూ అడిగేది, తేనె కోసం వచ్చే కొండవాళ్ల ఈదమ్మ.

"చూసుకున్నా అవ్వా, వెళ్లిరా" అనేది ఉడత.

ఇలా ఉండగా కిందనుంచి ఒక రాజు వచ్చాడు. మందీ మార్బలం, డప్పుల మోత! "ఈ కొండ ఇకమీదట అభయారణ్యం. ఏ జంతువుకీ భయం లేదు" అని చాటింపు వేయించాడు. వేయించి మొట్టమొదట ఏం చేశాడో తెలుసా? ఈదమ్మనీ ఆమెవాళ్లనీ కొండ దింపేశాడు. మీవల్లే జంతువులకి ముప్పు అన్నాడు. దొంగే 'దొంగా దొంగా' అని అరిచినట్టు లేదూ!

ఆ తర్వాత రాయి దగ్గరికొచ్చి, అందరూ చూస్తుండగా వింటితాడు విప్పి కొమ్మకి తగిలించాడు. పైగా రాయికి వంగి దండం కూడా పెట్టాడు. బెట్టుడత పొంగిపోయింది. అంత రాజూ మన కట్టుబాటు పాటించాడే అని మురిసింది.

డప్పులకి బెదిరిన ఓ దుప్పి, తన కూనతో వెదురుపొదలో నక్కి ఉంది. పొద్దుట్నించీ ఇద్దరికీ చుక్క నీళ్లు లేవు. ఉడత దాని దగ్గరికి పరిగెత్తింది.

"అక్కా, బయటికి రా. వాగులో నీళ్లు తాగుదువుగాని."

"కొత్తమనిషి వాసనొస్తోందే చెల్లీ. నాకు భయంగా ఉంది."

"నా కళ్లముందే తాడు విప్పాడు అక్కా! నామాట నమ్ము."

నమ్మింది పిచ్చితల్లి. కూనని వెంటబెట్టుకుని వాగులోకి దిగింది.

రాజు తలపాగా మడతల్లో చెయ్యి పెట్టాడు. ఇంకో తాడు తీశాడు! వింటికి బిగించాడు, లాగాడు, వదిలాడు. దుప్పి నీళ్లలోనే కూలిపోయింది. కూన తల్లిని మూతితో పొడుస్తూ అక్కడే నిలబడిపోయింది.

ఉడత వెళ్లి రాజు కాళ్లకి అడ్డంపడింది. "ఇదేం అన్యాయం! అభయం అన్నావే! ఊరూరా చాటించావే!"

రాజు నవ్వాడు. "అభయం మిగతావాళ్లనుంచి. నానుంచి కాదు. అడవి నాదేగా!" అంటూ కూనకి గురిపెట్టాడు.

ఛీ, అదీ ఒక మాటేనా!

ఉడతకి ఒళ్లు మండిపోయింది. ఎంత మండిందంటే వీపంతా ఎర్రగా కందిపోయింది. "పారిపో కూనా!" అని అరిచింది. గడ్డిలోంచి అరిస్తే ఎవరికి వినబడుతుంది? చరచరా మద్దిచెట్టు ఎక్కింది. చిటారుకొమ్మ మీద నిలబడి అడవి దద్దరిల్లేలా కేకలు పెట్టింది.

కూన ఉలిక్కిపడి ఒక్క గెంతులో పొదల్లోకి పోయింది. కొండమీది ప్రాణులన్నీ పరుగో పరుగు! బాణం పోయి ఇసుకలో గుచ్చుకుంది.

రాజు తల పైకెత్తాడు. "దిగిరావే ఉడతా! నిన్నేమీ చెయ్యను. నీకూ అభయం ఇస్తున్నా."

"నీ అభయం నువ్వే ఉంచుకో!" అంది ఉడత. "కిందనుంచి చూస్తే నాకు నీ దండమే కనబడింది. ఇక్కణ్ణించి చూసుంటే నీ తలపాగాలో తాడు కనబడేది. నా దుప్పక్క బతికుండేది. ఇంక నేను దిగను. నా పిల్లలూ దిగరు."

అప్పటినుంచే బెట్టుడత నేలమీద కాలు పెట్టదు. గూడు కొమ్మల్లోనే, దూకడం చెట్టునుంచి చెట్టుకే. వీపుమీది ఎరుపు ఇప్పటికీ చల్లారలేదు. మీరు అడవికి వెళ్లినప్పుడు నెత్తిమీద అది గోలగోలగా అరిచిందనుకోండి, నొచ్చుకోకండి. మీ టోపీలో ఏముందో చూస్తోంది, అంతే.