బీరవ్వను అడగనిదే రెండో గంప లేదు

అన్యాయం జరిగింది గొర్రెల కాపరి బీరవ్వకు. ఎప్పుడంటే, గొర్రె సంగతి దొర కంటే కాపరికే ఎక్కువ తెలుసని మనుషులు ఇంకా ఒప్పుకోని కాలంలో. ఊ కొట్టినా కొట్టకపోయినా వినండి.

ఆ ఏడు జొన్న విరగపండింది. దొర మందలో నూరు గొర్రెలు. జాతర నాటికి అవి రెట్టింపు బలియాలని దొరకు ఆశ పుట్టింది.

"నమిలే పని తప్పిస్తే తిన్నదంతా కండవుతుంది. జొన్న చొప్పను పిండి కొట్టండి. ఒక గంప వేసే చోట మూడు వెయ్యండి" అన్నాడు. ఆడవాళ్ళ రెక్కలు పడిపోయేలా దంచించాడు.

మొదటి వారం బీరవ్వ గొర్రెల ఎడమ డొక్కకు చెవి పెట్టి వింది.

"దొరా, నెమరు తగ్గింది."

"నీకేం ఎరుక, పెంటికలు పిసికేదానివి!"

రెండో వారం మళ్ళీ వింది.

"దొరా, నెమరు ఆగింది. పిండి కడుపుల నిలువదు, జారిపోతది. రెండో గంప మొదటి గంపను బయటికి నూకుతది. జానెడు ముక్కలు నరికి, తగ్గించి పెట్టు."

"నీకేం ఎరుక, పెంటికలు పిసికేదానివి!"

మూడో వారానికి గొర్రెల వెన్నుపూసలు తేలాయి. ఈసారి దొరే పిలిపించాడు, పంచాయితీకి.

"మూడు గంపలు తిన్న గొర్రె ఎందుకు చిక్కింది? మేత అమ్ముకుంటున్నావు!"

ఏం తెలివి! గంపలు ఖాళీ అయ్యాయి, గొర్రెలు ఎండిపోయాయి, కాబట్టి బీరవ్వ దొంగ.

బీరవ్వ కొంగులోంచి గొర్రె పెంటికలు తీసి నీళ్ళ చట్టిలో పిసికింది. చొప్ప పిండి పైకి తేలింది.

"ఇగో నీ మేత, దొరా. పోయింది పోయినట్టే వచ్చింది. నేను అమ్ముకుంటే ఇదెక్కడిది?"

పెద్దమనుషులు ముగ్గురు. ఒకడు ముక్కు మూసుకున్నాడు. ఒకడు ఆకాశం చూశాడు. ఒకడు దొర ముఖం చూశాడు. చట్టిలోకి చూసినవాడు ఒక్కడూ లేడు. దంచిన ఆడవాళ్ళకు అంతా తెలుసు. అయినా నోరు విప్పలేదు, సిగ్గులేనివాళ్ళు.

గొంగడి లాక్కుని ఆమెను పొలిమేర దాటించారు. ఆ చలికి మూడో రోజున పోయింది.

తర్వాత మందకు దొర బావమరిది కాపరి. అదే పిండి, అవే మూడు గంపలు. గొర్రెలు ఒక్కొక్కటే కూలాయి. అప్పటికి దంచే ఓదెమ్మకు నోరొచ్చింది.

"దొరా, ఇప్పుడు మీ బావమరిది అమ్ముకుంటున్నడా?"

"నోర్ముయ్!"

మూయలేదు. రోకలి విసిరేసింది. మిగతావాళ్ళూ విసిరేశారు. కొడవళ్ళు పట్టి చొప్పను జానెడు ముక్కలు నరికారు, ఒక్క గంపే పెట్టారు. నాలుగు రోజులకు మందలో నెమరు వినబడింది. మిగిలినవి బతికాయి.

ఇప్పటికీ మా వైపు డొక్కకు చెవి పెట్టకుండా రెండో గంప ఎత్తరు. ఎవరైనా తొందరపడితే "బీరవ్వను అడిగినవా?" అంటారు.

ఓదెమ్మ పొలిమేరలో ఆమె పేర రాయి పాతించింది. దొర కొడుకులు వచ్చి, ఆమె పోయిన రోజు చెక్కిస్తామన్నారు, దండం పెట్టుకుంటారట. ఆడవాళ్ళు రాతిని ముట్టుకోనివ్వలేదు. తరిమిన రోజే చెక్కించారు: పుష్య బహుళ దశమి, మంగళవారం.