చుక్కమ్మ కంచెకి అధ్యక్షులవారి ఆమోదం

పంటకాలువ గట్టున ఒక జంతువుల కాలనీ ఉండేది. వరసగా ఇళ్ళు, ఇంటింటికీ కాస్త పెరడు, అందరికీ కలిపి ఒక సంఘం. సంఘం అన్నాక అధ్యక్షుడు ఉండాలి కదా! ఆ పదవి మేకపోతు పానకాలుగారిది. ఆయనే ఎందుకూ అంటే, కాలనీ మొత్తానికి గడ్డం ఉన్నది ఆయనొక్కరికే.

పానకాలుగారు చెడ్డవారేం కాదు. శుభకార్యానికి పిలిస్తే అందరికన్నా ముందు వచ్చేవారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే రెండుపూటలా వెళ్ళి పలకరించేవారు. నోరు విప్పేముందు మూడుసార్లు దగ్గడం, కంటబడ్డ ప్రతిదానికీ ఒక నిబంధన రాయడం, ఈ రెండే ఆయనకున్న జబ్బులు. మూడోది కూడా ఒకటుంది గానీ, అది అప్పటికి ఎవరికీ తెలీదు.

ఇంటి ముందు చెక్క అరుగు వేసుకుంటే అది జానెడు ఎత్తు మించకూడదు. ఇది ఐదో నిబంధన. ఆయన అరుగు మాత్రం మూరన్నర ఎత్తుండేది. "సభ జరిగే చోటర్రా, ఆమాత్రం ఉండాలి" అనేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అంత ఎత్తున నిలబడితే ఆయనకి ఎంత సంతోషమో అందరికీ తెలుసు మరి.

ఆ కాలనీలో ఆఖరి ఇల్లు చుక్కల కోడిపెట్ట చుక్కమ్మది. ఆమె పెరటి అంచునే కాలువ. పోయిన విడత పిల్లల్లో ఒకటి ఆడుతూ ఆడుతూ గట్టు దాటి కాలువలో పడితే, పక్కింటి బాతు రత్తాలు ఈదుకుంటూ వెళ్ళి మెడ పట్టుకుని లాక్కొచ్చింది. పిల్ల బతికింది గానీ, ఇప్పటికీ నీళ్ళగిన్నె కనబడితే వెనక్కి నడుస్తుంది. అది చూసినప్పుడల్లా చుక్కమ్మ గుండె ఝల్లుమంటుంది.

కంచె లేకనా? వేయించింది. కంచెలు కట్టే గాడిద గంగులు చేత మందారం నాటించింది. గంగులు హస్తవాసి అంత మంచిది ఇంకెవరికీ లేదని ఊరంతా చెప్పుకునేది. అలాంటివాడు నాటిన మందారం మూడోవారానికల్లా మోడైపోయింది. మళ్ళీ నాటాడు, మళ్ళీ మోడే. మూడోసారీ అంతే. పిల్ల కాలువలో పడింది ఆ మూడో మోడు సందులోంచే. గంగులు ఆ రోజు గడ్డి ముట్టలేదు.

ఇప్పుడు చుక్కమ్మ పదకొండు గుడ్లు గంపలో పెట్టుకుని కూర్చుంది. ఇరవయ్యొక్క రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆలోగా కంచె నిలబడాలి. నిలబడకపోతే ఏమవుతుందో తలుచుకోవడానికి కూడా ఆమెకి ధైర్యం చాలట్లేదు.

"గంగులన్నా, ముళ్ళకంప వేసేద్దాం" అంది.

"ఎనిమిదో నిబంధనమ్మా. ముళ్ళు కూడదు."

"పోనీ ఇనపతీగ?"

"ఏడోది. తీగలు, రేకులు, గోడలు కూడదు. పచ్చటి మొక్కలే వెయ్యాలి."

"పోనీ, మొక్కల్నే నా నెత్తికి రెండింతలు పెంచితే?"

"తొమ్మిదోది. కంచె అధ్యక్షులవారి గడ్డం దాటి ఎదగకూడదు. పదోది, ఆకు లేతగా, దట్టంగా ఉండాలి. పదకొండోది, అధ్యక్షులవారి ముద్ర పడిన మొక్కని మార్చకూడదు, మార్చమని ఎవరూ అడగనూకూడదు. మూడుసార్లు నాటినా బతక్కపోతేనే కొత్త మొక్కకి దరఖాస్తు." గంగులు అక్కడ ఆగి, చెవులు దించుకుని నేల చూశాడు.

"ఏమైందన్నా?"

"చెప్తే నవ్వుతావేమో తల్లీ. ఈ నిబంధనలన్నీ వరసగా చెప్తుంటే నాకు ఆకలేస్తోంది."

చుక్కమ్మ నవ్వలేదు. తల పక్కకి వంచి ఒంటి కంటితో అతన్ని చూసింది. లేత ఆకు, ముల్లు లేనిది, నోటికి అందే ఎత్తులో, మూడుసార్లు ఒకటే తిన్నాక నాలుగోసారి కొత్త రుచి. ఇది కంచె కోసం రాసింది కాదు, ఎవరో తీరిగ్గా కూర్చుని విస్తరి వడ్డించుకున్నట్టుంది.

"అన్నా, ఆ మోళ్ళ దగ్గర నీకేమైనా కనిపించిందా?"

"కనిపించాయి. నల్లగా, గుండ్రంగా, మిరియాల్లాంటివి. పెద్దవాళ్ళ సంగతి, అనుమానించడం బాగోదని ఊరుకున్నాను."

చుక్కమ్మకి కోపం ముంచుకొచ్చింది. వెళ్ళి ఆ గడ్డం పట్టుకుని దులిపెయ్యాలనిపించింది. కానీ గుడ్లమీంచి లేస్తే చల్లారిపోతాయి. పైగా ఆ రోజు పిల్ల నీళ్ళు కక్కుతుంటే పక్కన నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నది కూడా ఆయనే. తను తిన్న సందులోంచే పిల్ల పడిందన్న సంగతి పాపం ఆయన బుర్రకి తట్టినట్టు లేదు.

"అన్నా, ఆయన రాసిన ప్రతి మాటకీ సరిపోయి, ఆయన నోటికి మాత్రం సరిపడని మొక్క ఏదైనా ఉందా?"

గంగులు చెవులు రెండూ ఒక్కసారి నిలబడ్డాయి. "ఉంది. కొండకింద చేలకి అదే కంచె. మందలకి మందలు మేకలు పక్కనుంచే పోతాయి గానీ, ఒక్కటీ మూతి పెట్టదు."

మర్నాడు పానకాలుగారి చెక్క అరుగు ముందు సభ. చుక్కమ్మని గంపతో సహా వీపుమీద మోసుకొచ్చాడు గంగులు. నోట్లో కట్ట కట్టిన కర్రముక్కలు, ఆకన్నది లేకుండా గీసినవి. పాత కంచె మూడుసార్లు పోయిందని కార్యదర్శి చిలుక చదివి వినిపించింది. గంగులు కట్ట కింద పెట్టాడు.

పానకాలుగారు మూడుసార్లు దగ్గారు. ఏడాది పొడుగునా పడిశం ఆయనకి. ముక్కు అలంకారానికే గానీ పనికి రాదు.

"ఏం మొక్క?"

"అడ్డసరమండి" అన్నాడు గంగులు.

పానకాలుగారు పుట్టిందీ పెరిగిందీ కాలనీలోనే. ఆ పేరు జన్మలో వినలేదు. కానీ అంతమంది ముందు, అంత ఎత్తు అరుగుమీద నిలబడి, తెలీదని ఎలా అంటారు?

"ఓ, అడ్డసరమా! మా తాతగారి పెరట్లో విపరీతంగా ఉండేది. ఆకు ఎలా ఉండాలో తెలుసా మీకు?"

"తమరే సెలవియ్యాలి" అంది చుక్కమ్మ, ఎంతో వినయంగా.

"ఊఁ... అదే... పచ్చగా."

"అవునండి, ముదురు పచ్చ. జానెడు పొడుగు, లేతగా, దట్టంగా వస్తుంది. ముల్లన్నది లేదు. తెల్లటి పూలు కూడా పూస్తుంది. గడ్డం దాటకుండా గంగులన్న కత్తిరిస్తూ ఉంటాడు."

జానెడు పొడుగు ఆకు అనేసరికి పానకాలుగారు గుటక వేశారు. "అందం ముఖ్యం అమ్మాయ్! కాలనీకి అందం ముఖ్యం!" అంటూ గిట్ట ఎత్తి దరఖాస్తుమీద ముద్ర వేశారు.

ఆ సాయంత్రమే గంగులు పని మొదలుపెట్టాడు. కాలువ అంచున చాలు తీసి, కోడిపిల్ల తల పట్టనంత దగ్గరగా కర్రముక్కలు గుచ్చి, పూటపూటకీ నీళ్ళు పోశాడు. ఎనిమిదో రోజున కణుపుల దగ్గర పచ్చటి చుక్కలు లేచాయి. పదిహేనో రోజుకి ఆకులు విప్పుకున్నాయి. పానకాలుగారు రోజూ ఆ దారినే షికారుకొచ్చి, "ఇంకా పెరగనీ, ఇంకా పెరగనీ" అని తమలో తాము గొణుక్కుంటూ వెళ్ళేవారు.

ఇరవయ్యొకటో రోజు పొద్దున్నే, చుక్కమ్మ రెక్కల కింద మొదటి గుడ్డు చిట్లి పిల్ల బయటపడింది. సరిగ్గా అప్పుడే పెరటి మూల చప్పుడైంది. మెడ ఎత్తి చూసింది. పానకాలుగారు అటూ ఇటూ చూసి, కళ్ళు మూసుకుని, నోటినిండా పట్టినంత ఆకు లాగి నమిలారు.

ఒక్కసారి నమిలారు. రెండోసారి దవడ కదల్లేదు.

"అధ్యక్షులవారూ! తనిఖీకి వచ్చారా?" చుక్కమ్మ గొంతెత్తి పిలిచింది. "అందరూ రండర్రా, పానకాలుగారు మన కంచె చూడ్డానికి వచ్చారు!"

రత్తాలు వచ్చింది, గంగులు వచ్చాడు, చిలుక వచ్చి జామకొమ్మమీద వాలింది. పానకాలుగారి కళ్ళవెంట బొటబొటా నీళ్ళు. ఉమ్మితే దొంగతనం బయటపడుతుంది. ఉమ్మకపోతే ఆ చేదు కొమ్ముల దాకా ఎక్కుతోంది. గడ్డం వణికింది. గుటుక్కున మింగేశారు.

"ఎలా ఉందండీ కంచె?" అడిగింది చుక్కమ్మ.

"అ... అందంగా ఉంది."

"కళ్ళనీళ్ళు వస్తున్నాయే!"

"అందానికి!" అని, ఆయన కాస్త తేరుకున్నారు. "అయితే అమ్మాయ్, ఈ మొక్క మన కాలనీకి నప్పదేమో అనిపిస్తోంది. మార్చి, హాయిగా మళ్ళీ మందారమే..."

"పదకొండో నిబంధన!" కొమ్మమీంచి చిలుక అందుకుంది. "ముద్ర పడిన మొక్కని మార్చకూడదు, మార్చమని ఎవరూ అడగనూకూడదు. రాసినవారు పానకాలుగారు. ముద్ర పానకాలుగారిది."

దీనికి గట్టి సమాధానం చెబుదామని పానకాలుగారు అలవాటుగా గొంతు సవరించుకోబోయారు. దగ్గు రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. రాలేదు. గొంతు కడిగినట్టు తేటగా ఉంది.

"అడ్డసరం ఆకు దగ్గుకి మంచిదండి" అన్నాడు గంగులు నెమ్మదిగా. "ఎవరో ఒకరు నమిలితేనే గానీ గుణం తెలీదు."

రత్తాలు కిసుక్కున నవ్వింది. "గడ్డానికి ఆకు అంటుకుంది, దులుపుకోండి బాబాయిగారూ" అంది. పానకాలుగారు దులుపుకున్నారు గానీ, ఎటు చూడాలో ఆయనకి తెలియలేదు.

ఇంతలో మొదటి పిల్ల తడి ఆరీ ఆరకుండానే గంపలోంచి దొర్లి, తూలుతూ తూలుతూ తిన్నగా కాలువవైపే పరుగెత్తింది. చుక్కమ్మ గుడ్లమీంచి సగం లేచింది. పిల్ల వెళ్ళి కంచెకి ఢీకొంది. సందు వెతికింది. దొరకలేదు. కియ్యిమని కోప్పడి, వెనక్కి తిరిగి తల్లి రెక్కల కిందికి వచ్చేసింది.

పానకాలుగారు ఆ పిల్లని చూశారు, కంచెని చూశారు, దాని వెనక పారుతున్న నీళ్ళని చూశారు. అప్పుడు తట్టింది ఆయనకి.

"ఆ రోజు... ఆ మందారం సందు..." అన్నారు. ఈసారి దగ్గడానికి ప్రయత్నమైనా చెయ్యలేదు. "నేనేనా చుక్కమ్మా?"

చుక్కమ్మకి కోపం ఎప్పుడో చల్లారిపోయింది. అంత పెద్దమనిషి తల అలా వాలిపోతే చూడలేకపోయింది కూడా. "మీరేనండి" అంది మెల్లగా. "ఇంక ఆ దారిన రాకండి. ముందు గుమ్మంలోంచి రండి. పెరట్లో మీకోసమే ఒక అవిసె మొక్క నాటమన్నాను గంగులన్నతో. ఆకలేస్తే అడగండి, పెడతాను."

పానకాలుగారు ఆ రోజు ఇంటికి వెళ్ళి మూరన్నర అరుగుని జానెడుకి కోయించారు. కంచె నిబంధనలన్నీ కొట్టేసి, పిల్లలున్న ఇంట్లో ముందు పిల్లల్ని చూసి కంచె వెయ్యాలని ఒక్కటే రాశారు. తర్వాత రోజూ ఉదయం చుక్కమ్మ గుమ్మం ముందు నిలబడి, ముందు అవిసె ఆకు, ఆపైన మొహం చిట్లించుకుంటూ రెండు అడ్డసరం ఆకులు అడిగి తినేవారు. గంగులు హస్తవాసిని మళ్ళీ ఊరంతా మెచ్చుకుంది.

అందుకే పిల్లలూ, తన నోటి కొలత చూసుకుని అందరికీ నిబంధన రాసినవాడు, ఏదో ఒక పొద్దున దాన్ని తానే నమిలి మింగాల్సి వస్తుంది.