మంగతాయి చూపించని దారి

అనగనగా పిల్లలూ, కొండల నడుమ ఒక వెదురు అడవి ఉండేది. అందులో ఒక ఏనుగుల మంద. ఆ మందకి పెద్ద మంగతాయి అనే ముసలి ఏనుగు.

ఎప్పుడో గానీ ఆ అడవిలో వాగు పూర్తిగా ఎండిపోదు. ఎండితే మాత్రం మూడు కొండల అవతల ఉన్న ఊటే దిక్కు. దానికి దారి మంగతాయికి ఒక్కదానికే తెలుసు. చిన్నప్పుడు వాళ్లమ్మ చూపించింది. చూపించిన ఏడాదే కన్నుమూసింది. దారి చూపించడమంటే ఇక పోతానని ఒప్పుకోవడమేనని అప్పటినుంచి మంగతాయికి భయం పట్టుకుంది.

అందుకే రోజూ పొద్దున్నే ఒక బండ మీద నిలబడి, సూర్యుడి వైపు తొండమెత్తి దణ్ణం పెట్టేది. ఇంకొక్క ఏడాది బతకనివ్వమని వేడుకునేది.

దాని కూతురు చెంగల్వ. చెంగల్వకి పోలి అనే గున్న ఉంది. తల్లికి చూపు మందగించడం చెంగల్వ గమనించింది. ఊట దారి చూపించమని వానాకాలంలో అడిగింది. వానలు తగ్గనీ అంది మంగతాయి. చలికాలంలో అడిగింది. మోకాళ్ల నొప్పులు తగ్గనీ అంది. వేసవి మొదట్లో మళ్లీ అడిగింది.

"నేనెప్పుడు పోతానా అని చూస్తున్నావా?" అంది మంగతాయి.

చెంగల్వ తల దించుకుని వెళ్లిపోయింది. ఇంకెప్పుడూ అడగలేదు.

ఆ వేసవిలోనే వాగు ఎండిపోయింది. మంగతాయికి జ్వరం వచ్చి లేవలేకపోయింది. పడుకున్న చోటినుంచే దారి చెప్పబోయింది. కాళ్లకి తెలిసిన మలుపులు మాటల్లోకి రాలేదు. ఇసుకలో మిగిలిన ఒక్క చెలమనీ తల్లికి వదిలేసి, విన్న నాలుగు ముక్కలూ గుర్తుపెట్టుకుని, చెంగల్వ మందతో బయల్దేరింది.

రెండో కొండ దగ్గర ఎడమకి తిరగాల్సింది, కుడికి తిరిగాయి. మూడు రోజులు నడిచినా నీళ్లు దొరకలేదు. నాలుగో రోజు ఒక జల్లు పడింది. రాళ్ల గుంటల్లో నిలిచిన ఆ నీళ్లు తాగి ఏనుగులు ఎలాగో వెనక్కి వచ్చాయి.

పోలి ఏదని అడిగింది మంగతాయి.

"రెండో కొండ మీద పడుకోబెట్టి వచ్చానమ్మా" అంది చెంగల్వ. ఒక్క మాట తిట్టినా బాగుండేదనిపించింది మంగతాయికి.

మర్నాడు పొద్దున మంగతాయి ఎలాగో లేచి బండ దగ్గరికి వెళ్లింది. తొండం ఎత్తలేకపోయింది. దించిన తొండంతోనే వేడుకుంది.

"స్వామీ, ఏడాది వద్దు. ఆ దారి నడిచేంత ఓపిక ఇవ్వు. తర్వాత నీ ఇష్టం."

ఆ రోజే మందని తీసుకుని బయల్దేరింది. ప్రతి మలుపులోనూ చెంగల్వనే ముందు నడవమంది. రెండో కొండ మీద పోలిని కొమ్మలతో కప్పిన చోట ఆగి, తొండంతో నేలని తడిమింది. నువ్వు మొదటిసారి అడిగినప్పుడే రావాల్సిందని కూతురితో అంది. పోనీలే అమ్మా అని చెంగల్వ అనలేకపోయింది. తల్లికి ఆనుకుని నిలబడింది.

అయిదో రోజుకి ఊట చేరాయి. ఏనుగులన్నీ కడుపునిండా తాగాయి. మంగతాయి కాసిని నీళ్లు తాగి, మద్దిచెట్టు కింద వాలిపోయింది.

"భయంగా ఉందా అమ్మా?" అని అడిగింది చెంగల్వ.

"ఉంది. ఇన్నాళ్లూ భయం పోవాలని దణ్ణం పెట్టాను. భయపడుతూనే నీకు దారి చూపించి ఉండొచ్చు. అది నాకు తట్టలేదు."

రెండు రోజుల తర్వాత మంగతాయి ప్రశాంతంగా కన్నుమూసింది.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. వాగు నిండుగా పారింది. అయినా చెంగల్వ మందలో ఉన్న చిన్నా పెద్దా అందర్నీ వెంటబెట్టుకుని, మూడు కొండలూ దాటించి, ఊట దాకా తీసుకెళ్లింది.

నీతి: మాట ఎత్తనంత మాత్రాన చావు ఆగదు. ఆయుష్షు కోసం దేవుణ్ణి వేడుకోవచ్చు గానీ, మనవాళ్లకి ఇవ్వాల్సింది ఓపిక ఉన్నప్పుడే ఇచ్చెయ్యాలి.