కొండకి దొరగా వచ్చిన నక్క

ఐర్లాండులో వాన పెద్దగా ఆగని ఒక కొండ మీద గొర్రెలూ మేకలూ కలిసి మేసేవి. రెండూ ఒకే దేవుణ్ణి మొక్కేవి. గొర్రెలు వంగి మొక్కేవి, మేకలు నిలబడి మొక్కేవి. అదొక విషయమని ఎవరికీ తోచలేదు.

సముద్రం అవతలి నుంచి ఒక నక్క వచ్చి, ఈ కొండకి తనే దొరనంది.

“ఇకనుంచి కింద పచ్చిక వంగి మొక్కేవాళ్ళదే. నిలబడేవాళ్ళు పైన రాళ్ళలోకి పోవాలి. ఇది నా మాట కాదు, దేవుడి మాట.”

గొర్రెలకి కాస్త సిగ్గేసింది. కానీ గడ్డి బాగుంది. రెండేళ్ళకి సిగ్గు పోయింది. మేకలు పాపం చేశాయి కాబట్టే రాళ్ళ పాలయ్యాయని గొర్రెలు నమ్మసాగాయి. మేకలు వాళ్ళని దొంగలన్నాయి. ప్రతి ఆదివారం కొట్లాటే. కొట్లాట జరిగినప్పుడల్లా ఒక పిల్ల మాయమయ్యేది.

ఒక ఆదివారం నోరా అనే గొర్రె తన పిల్లని పోగొట్టుకుంది. నోరా ఒంటరిగా రాళ్ళెక్కి, డోనల్ అనే ముసలి మేకపోతు ముందు నిలబడింది.

“నా పిల్లని ఏం చేశారు?”

“కూర్చో తల్లీ. కిందటి వారం నా మనవరాలు పోయింది. మీరే చంపారని దొరవారు చెప్పారు.”

“మేమంతా మీతో కొట్లాటలోనే ఉన్నాం కదా పెద్దాయనా.”

“మేమూ అంతే,” అన్నాడు డోనల్. “మరి కొట్లాటకి రానిది ఎవరు నోరా?”

పై ఆదివారం కొండ దద్దరిల్లింది. గొర్రెల్లో, మేకల్లో సగం మంది కలిసి, కొట్లాటలా వినిపించేలా కొమ్ములతో బండల్ని బాదుతూ అరుస్తున్నారు. నక్క హుషారుగా పిల్లలున్న దొడ్డికి వచ్చింది. గుమ్మంలో నోరా, డోనల్ కనిపించారు.

“ఇటొచ్చారేం దొరా?” అంది నోరా.

“పిల్లలకి కాపలా కాద్దామని,” అంది నక్క. “అయినా మీరిద్దరూ ఒకచోట ఉండకూడదే. నువ్వు వంగేదానివి, అతను నిలబడేవాడు.”

“అవును దొరా,” అని నోరా తల వంచింది. మొక్కుతోందనుకుంది నక్క. ఆ తల వచ్చి డొక్కలో తగిలింది. డోనల్ వెనక కాళ్ళ మీద నిలబడి, కొమ్ములతో రెండోది తగిలించాడు. నక్క బురదగుంటలో పడి, తోకదాకా నల్లబడి, మళ్ళీ సముద్రం దాటేసింది.

పోయిన పిల్లలు తిరిగి రాలేదు. పచ్చిక పంచడానికి గొర్రెలు నెల రోజులు గొణిగాయి. చివరికి నోరానే ముందు పక్కకి జరిగి, డోనల్‌కి చోటిచ్చింది.

నీతి: దేవుడి పేరుతో మనల్ని కొట్టుకోమన్నవాడి కడుపు దేనితో నిండుతోందో ముందు చూసుకోవాలి.