అయ్యవారి పీట మీద ఒక పూట

"చెంచయ్య పంతులు! ఏటిపాలెం బడి పెద్ద చెంచయ్య పంతులు!" అని భటుడు మూడోసారి పిలిచేసరికి, ఆ పెద్దమనిషి తడిసిన ఉత్తరీయం పిండుకుంటూ సభలోకి వచ్చాడు.

ఆ రాజ్యాన్ని ఏలే ప్రచండ భూపాలుడికి తన తెలివంటే తనకు మహా గౌరవం. పిల్లల్ని ఒక చోటి నుంచి లేపి మరో చోట కూర్చోబెట్టాలన్నా, బడి పెద్ద కోటకు అర్జీ పెట్టుకుని, రాజముద్ర పడ్డాకే కదలాలని శాసనం చేశాడు. మొన్నటి వానకు బడి కప్పు కారుతుంటే, చెంచయ్య అర్జీ లేకుండానే పిల్లల్ని పక్కనున్న సాలెల మగ్గాల సావడిలోకి తీసుకుపోయాడు. అదీ నేరం. శిక్ష, కొలువు పోవడం.

చెంచయ్య వాదించలేదు. తనకు పని చేతకాదని ఒప్పుకున్నాడు. ఏలినవారు ఒక్క పూట తన పీట మీద కూర్చుని, శాసనం తప్పకుండా బడి నడిపి చూపిస్తే, అది నేర్చుకుని మరీ వెళ్లిపోతానన్నాడు.

రాజుకు ఆ మాట బాగా రుచించింది. మర్నాడే వెళ్లి కూర్చున్నాడు. పిల్లలు "అయ్యవారూ" అంటుంటే ఒళ్లు పులకరించింది. ఏటి మీద మబ్బు నెమలి మెడ రంగులో దిగుతుంటే, ఎంత అందమో అనుకున్నాడు. అనుకుంటుండగానే కప్పులోంచి ఒక చుక్క టప్పున ఆయన కిరీటం మీద పడింది. ఆ వెనకే ధార.

"పదండర్రా, సావడిలోకి," అన్నాడు రాజు లేస్తూ.

చెంచయ్య వినయంగా తాటాకూ గంటమూ అందించాడు. "ముందు అర్జీ, అయ్యవారూ."

"ఎవరికయ్యా? రాజుని నేనేగా."

"రాజుగారు కోటలో ఉంటారండి. ముద్రా అక్కడే ఉంది. ఈ పీట మీద కూర్చున్నవారు బడి పెద్ద మాత్రమే."

పంతం కొద్దీ రాజు అర్జీ రాశాడు. వెంట వచ్చిన రౌతు దాన్ని కోటకు పట్టుకుపోయాడు. రెండు గడియలకి మంత్రిగారి జవాబు వచ్చింది. రాజుగారు ఊళ్లో లేరట. వచ్చాక విచారిస్తారట. ఈలోగా పిల్లల్ని కదిలిస్తే అయ్యవారి కొలువు ఊడుతుందట.

ముందు వరుసలో ఒక చిన్నపిల్ల చలికి పళ్లు కటకటలాడిస్తోంది. రాజు ఆ జవాబు అవతల పారేసి, పిల్లను చంకనేసుకుని, మిగతావాళ్లను రమ్మంటూ సావడిలోకి పరుగెత్తాడు.

"కొలువు పోయిందండి, అయ్యవారూ," అన్నాడు చెంచయ్య వెనకే వస్తూ.

రాజు మగ్గాల మధ్య చతికిలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మెళ్లోని ముత్యాల హారం తీసి చెంచయ్యకు వేశాడు. ఇకమీదట బడిలో మాట బడి పెద్దదేనని సాలెలందరి ముందూ చెప్పాడు.

మరి ఆ శాసనం ఎందుకు చేశారని చెంచయ్య మెల్లగా అడిగాడు.

రాజు తడిసిన కిరీటం తీసి పక్కన పెట్టాడు.

"మాకు పాఠాలన్నీ కోటలోనే అయ్యాయి పంతులూ," అన్నాడు. "నేను బడి గడప తొక్కడం ఇదే మొదటిసారి."